గుడుగుడు ఆగిన రోజు

"చెవుల్లోంచి అవి తీసి నా మాట కాస్త వినండి డాక్టర్ గారూ! దీనికే జబ్బూ లేదు. టీకా కోసం వచ్చానంతే."

వాషింగ్ మెషీన్లు బాగుచేసే ఆ అబ్బాయికి నోరు కాస్త ఎక్కువే. బల్ల మీద మూడు నెలల కుక్కపిల్ల. దాని ఛాతీ మీద చెయ్యేస్తే లోపల ఎప్పుడూ సన్నగా అదురుతూ ఉంటుంది. ముచ్చటపడి గుడుగుడు అని పేరు పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ స్టెతస్కోప్ తీసి అతని చెవులకే తగిలించింది. అతని ముఖం వాడిపోయింది.

"ఇది... బేరింగ్ పోయిన మెషీన్ మోతండీ."

"కదా? తల్లి కడుపులో పనికొచ్చే రక్తనాళం ఒకటి, పుట్టగానే మూసుకుపోవాలి. దీనికి మూసుకోలేదు. ఇలాగే వదిలేస్తే ఏడాదిలో గుండె చేతులెత్తేస్తుంది."

"కోస్తారా?"

"తొడ దగ్గర చిన్న గాటు. అక్కణ్ణుంచి సన్నని గొట్టం పంపి, ఆ దారికి బిరడా బిగిస్తాం."

"లీకేజీకి ప్లగ్గన్నమాట!"

"అబ్బో, మా జూనియర్లకి ఇంత తొందరగా అర్థం కాదు," అని నవ్వింది. ఆ నవ్వుకి అతను టీకా సంగతే మర్చిపోయాడు.

ఆపరేషన్ దాకా రోజుకో ఫోను.

"ఎక్కువ గెంతకూడదా డాక్టర్ గారూ?"

"ఎవరు, అదా మీరా?"

ఆపరేషన్ రోజు వాన. బయట బెంచీ మీద రెండు గంటలు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. "అయిపోయింది, రండి," అని పిలిచి, ఆమె చేతులు కడుక్కోవడానికి అటు తిరిగింది. మత్తులో ఉన్న పిల్ల ఛాతీ మీద అలవాటుగా అరచెయ్యి పెట్టాడు. అదురు లేదు.

"డాక్టర్ గారూ! ఆగిపోయింది! నా గుడుగుడు పోయింది!"

ఆమె తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. పిల్లని చూసి, అతని చెయ్యి పట్టుకుని ముందుకాలి వెనక్కి జరిపింది.

"ఇక్కడ. మెల్లగా."

టక్... టక్... టక్.

"ఆగింది మోతండీ, గుండె కాదు. మోత ఆగితే బాగైనట్టని మీకు నేను చెప్పాలా?"

"మెషీనైతే తెలిసేదండీ. ఇది నా ప్రాణం," అంటూ సిగ్గు లేకుండా ఏడ్చేశాడు. ఆమె తన చెయ్యి వెంటనే తియ్యలేదు.

ఇంటికి పంపేటప్పుడు, "మళ్ళీ మూడు నెలలకి చూపించండి," అంది.

"మూడు నెలలా?"

"ఏం?"

"ఏం లేదండీ." అంటూనే గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

ఆమె గొంతు సవరించుకుంది. "మా ఇంట్లో మెషీన్ ఏదో మోత చేస్తోంది. ఆదివారం వచ్చి చూస్తారా?"

ఆదివారం ఒక చేత్తో పనిముట్ల సంచీ, ఇంకో చేత్తో గుడుగుడు. మెషీన్ వేసి, దాని మీద చెయ్యి పెట్టి ఎంతసేపు చూసినా అదురు లేదు.

"మోత లేదే అమ్మా?" అన్నాడు డాక్టరమ్మ వాళ్ళమ్మతో.

"ఎందుకుంటుంది బాబూ? కొని పది రోజులైనా కాలేదు," అంటూ ఆవిడ కూతురి వంక ఓ చూపు చూసి వంటింట్లోకి వెళ్ళింది.

డాక్టరమ్మ కుక్కపిల్ల మెడలో ముఖం దాచుకుంది.

"మరి నన్నెందుకు రమ్మన్నారండీ?"

"మూడు నెలలు ఆగలేక."

వంటింట్లోంచి వాళ్ళమ్మ కేకేసింది. "బాబుకి కూడా కంచం పెట్టనా, వద్దా?"

"పెట్టమ్మా!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.