దిల్‌సుఖ్‌నగర్ మూడో అంతస్తులో ఫ్రెంచి దర్బారు

మంగళవారం, అమావాస్య, రాహుకాలం... మూడు అరిష్టాలూ ఒకే ముహూర్తానికి ముడిపడిన ఆ అపరాహ్ణవేళ దిల్‌సుఖ్‌నగర్ నభోమండలం కాటుక పులుముకున్నట్లు నల్లబడింది. గర్జించింది మేఘమో, మెట్రో రైలో తేల్చుకోలేక బాపిరాజు గుండె రెంటికీ సమానంగా అదిరింది. వేళ తప్పిన గుడ్లగూబ ఒకటి కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద వాలి, ర్యాంకర్ల ముఖాల నడుమ నుంచి అతన్నే తేరిపార చూసింది...

హాస్టల్ పైనున్న మూడో అంతస్తు గదిలో, పసుపు కుంకుమల ముగ్గు నడుమ, ఒక కపాలం! దాని వెనుక ఎత్తైన పీట మీద మాంత్రికుడు జానయ్య. ఎదుట నేలమీద, శాంతిపూజ అని నమ్మి వచ్చిన బాపిరాజు భార్య సింధూర; ఆమె వెనుక బాపిరాజు.

ఎల్బీనగర్‌లో ఒకానొక నాయకుడి ముంగిట ప్రతి ఉదయం దర్బారు జరుగుతుంది. ఆప్తులకు ప్లాస్టిక్ కుర్చీ, తక్కినవారికి గోడవార నిలబడే భాగ్యం. ఏళ్ల తరబడి చేతులు కట్టుకుని నిలబడ్డ బాపిరాజుకు ఆ కుర్చీయే ఇంద్రపదవి. అందుకు జానయ్య చూపిన మార్గం ఈ కపాలం. ఫ్రాన్సు దేశపు మార్విల్ వంశంలో అక్కాచెల్లెళ్లిద్దరూ రాజుగారి ప్రేయసులట. రాజప్రాపకం కోసం సొంత అక్కనే మఠానికి తరిమించిన చెల్లెలి తల ఇదట. ఆమె ఒక ఇల్లాలి ఒంట్లోకి దిగి దీవిస్తే ఎంతటి దొరైనా వశమవుతాడట.

"జర సేపే గద సార్," అన్నాడు జానయ్య. "ఒస్తది, దీవిస్తది, పోతది."

వచ్చింది...

సింధూర వెన్ను విల్లులా వంగి, ఒక్కసారిగా నిటారైంది. గది మంచుగడ్డలా చల్లబడింది. తెరుచుకున్న ఆ కళ్లు బాపిరాజు కట్టుకున్న భీమవరం పిల్లవి కావు!

"మా ఎదుట కూర్చోవడానికి నీకు అనుమతి ఇచ్చిందెవరు?" అని ఆమె జానయ్యను అడిగింది.

ఆ దేశపు కొలువులో మహామహుల ఇల్లాళ్లు సైతం ఒక చిన్న ముక్కాలిపీట మీద కూర్చునే హక్కు కోసం జీవితాలు ధారపోసేవారు. నల్గొండ శ్మశానాలలో జానయ్య లొంగదీసిన దయ్యాలన్నీ కూర్చోమన్నచోట బుద్ధిగా కూర్చునేవి. పాపం, అతడికి ఈ మర్యాద తెలియదు.

"గమ్మునుండు. పిలిచినోణ్ణి నేను. నేను కూసుంటా, నువ్వు ఇనాలె."

ఆమె చిరునవ్వు నవ్వి, తలుపువైపు తిరిగి మోకాళ్లు వంచి వందనం చేసింది. గడియ దానంతటదే జారింది. ఎవరూ కనిపించలేదు... సుగంధమూ శవగంధమూ కలగలిసిన ఒక గాలి మాత్రం ఠీవిగా లోపలికి నడిచింది. దొరల రాకను పసిగట్టడంలో బాపిరాజు వెన్నెముకది ఏళ్ల సాధన. అతడు గోడకు అంటుకుపోయి, చేతులు కట్టుకుని తల వంచాడు.

"మా రాజుగారు నీ వినయం మెచ్చారు," అంది సింధూర గొంతు. ముఖమల్ పరిచిన ఆసనం ఒకటి శూన్యంలోంచి అతని ముందు నిలిచింది. "కూర్చో. రేపటి నుంచి నీ నాయకుడి పక్కన నీదే స్థానం. ఈ పిల్ల మాత్రం మాతో వస్తుంది."

ఆ ఫ్రెంచి కొలువులో ఎందరో భర్తలు ఇల్లాళ్లను రాజుకు అప్పగించి అలాగే పైకెక్కారు. బాపిరాజు మోకాళ్లు... సిగ్గుచేటు... కాస్త వంగాయి కూడా. అప్పుడు చూశాడు, నీలంగా మారుతున్న సింధూర పాదాలను. ఆ పరాయి కంటి కొస నుంచి ఆమెదే అయిన ఒక కన్నీటిబొట్టు జారింది.

"నాకొద్దండి," అన్నాడు. "ఎన్నాళ్లయినా నిలబడే ఉంటానండి. మా ఆవిణ్ణి వదిలెయ్యండి బాబూ."

జానయ్య పీట మీద నుంచే గుప్పెడు బూడిద గాలిలోకి విసిరాడు. "నువ్వేం దొరవు? ఈ అర్రల దొరను నేను. పో అన్నదాంక కదలొద్దు."

అదృశ్యహస్తమేదో జానయ్య మెడ మీద మెల్లగా ఆనింది. అతని తల వంగింది. ఇంకా వంగింది. వెన్నుపూసలు ఒక్కొక్కటే ఫెళఫెళ విరుగుతుండగా ఒక భీకరమైన కేక వీధి రొదలో కలిసిపోయింది! నుదురు నేలను తాకిన క్షణాన కపాలం పిండై రాలింది. దక్కవలసిన వందనం దక్కాక, సింధూరను వదిలి చలి గుమ్మం దాటి వెళ్లిపోయింది.

కుప్పకూలిన భార్యను భుజాన వేసుకుని బాపిరాజు మెట్లు దిగాడు. రెండో అంతస్తులో ఆమె ఊపిరి అతని మెడకు వెచ్చగా తగిలింది. ఏమైందండీ అని అడిగింది. అతడు ఏడుస్తూనే తక్కిన మెట్లు దిగాడు.

జానయ్య శవాన్ని ఎత్తడానికి వచ్చిన నలుగురూ చెమటోడ్చినా ఆ నడుము నిటారు కాలేదు. చివరికి వంగిన సలాముతోనే అతణ్ణి పాడె ఎక్కించారు.