సుగుణను ముంచిన లెక్చరర్

"అయ్యో, మళ్ళీ పోయింది."

"ఎవరండీ?"

"సుగుణ. మీ అమ్మమ్మగారి హీరోయిన్. ఇది మూడోసారి. మూడుసార్లూ మీరే ముంచారు సార్."

డేనియల్ చేతిలోని ఫోను వైపు చూశాడు. బొమ్మలో పడవ బోర్లా పడి ఉంది. ఉప్పునీళ్ళ మీద ఒక తెల్ల గొడుగు తేలుతోంది. ఎదురు కుర్చీలోని అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది. ఆపుకోవడం ఆమెకు పెద్దగా చేతకాదని అతనికి వెంటనే అర్థమైంది.

ఆమె పేరు లిడియా. తెనాలి నుంచి పొద్దున పాసింజరు పట్టుకుని రేపల్లె వచ్చింది. వీడియో గేములు తయారుచేయడం ఆమె పని. డేనియల్ అమ్మమ్మ రిబ్కా టీచరుగారు నలభై ఏళ్ళ క్రితం రాసిన 'ఉప్పుటేటి అవతలి ఇల్లు' నవలను గేముగా చేస్తానని, అనుమతి ఇవ్వమని అడగడానికి వచ్చింది. ఆవిడ జన్మలో రాసింది ఆ ఒక్క నవలే. వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు పిల్లల తల్లులు బడికే వచ్చి, "టీచరుగారూ, వచ్చేవారం ఏమవుతుందో మాకు మాత్రం చెప్పండి" అని కొంగు పట్టుకుని అడిగేవారట.

డేనియల్ బాపట్లలో జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరర్. ఆ నవల అతనికి సగానికి సగం కంఠతా వచ్చు. రెండో శనివారం కదా, అమ్మమ్మ దగ్గర భోంచేసి వెళ్దామని వచ్చి ఈ గేములో చిక్కుకున్నాడు.

"నవల్లో సుగుణ ఏరు దాటుతుందండి, మునగదు," అన్నాడు కోపంగా.

"నవల్లో పడవ మీ అమ్మమ్మగారు నడిపారు. ఇక్కడ మీరు నడిపారు. ఆ మాత్రం తేడా వస్తుంది కదండీ."

రిబ్కా టీచరుగారు పకపకా నవ్వేశారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి అలా నవ్వుతుంటే డేనియల్‌కి ఇంకా ఒళ్ళు మండింది.

"చదివేవాళ్ళు చదువుకుంటారు. దీన్ని బొమ్మలాట చేయడం దేనికి?"

"మీ క్లాసులో ఎంతమంది చదివారు సార్, ఈ నవల?"

డేనియల్ ఫోను ఆమె చేతికి తిరిగిచ్చేశాడు. చదివింది ఒక్కడే. వాడైనా సారు మెప్పు కోసం.

"అమ్మాయిని ఏడిపించకురా డేనీ," అన్నారు టీచరుగారు. "చూడమ్మా, నాది ఒక్కటే షరతు. అందులో తెలుగు తప్పుల్లేకుండా ఉండాలి. మావాడు వారం వారం వచ్చి చూసిపెడతాడు. తప్పులు పట్టడంలో వీణ్ణి మించినవాడు లేడు."

"ఈయనా?" అంది లిడియా.

"నేనా?" అన్నాడు డేనియల్.

*

తెనాలిలో లిడియా ఆఫీసంటే వాళ్ళ నాన్న జకరయ్య గారి టైలరింగ్ షాపు పైన ఒక గది. కింద కుట్టుమిషన్ల చప్పుడు. పైన రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, బొమ్మలు గీసే స్నేహితురాలు దీప్తి.

జకరయ్య గారు మాట ఖర్చుపెట్టే మనిషి కాదు. మొదటి శనివారం డేనియల్ మెట్ల దగ్గర నిలబడితే కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"తెలుగు సారా?"

"అవునండి."

"పైన."

అంతే, ఆయన మళ్ళీ కాజాలు కుట్టుకోవడంలో పడిపోయారు.

కథలో సుగుణ టెలిగ్రాఫ్ ఆఫీసులో గుమస్తా. ఏరు అవతల పాడుబడిన ఇంటికి, ఎప్పుడో చనిపోయిన మనిషి పేరు మీద టెలిగ్రాములు వస్తుంటాయి. ఆ గుట్టు విప్పడానికి సర్వేయర్ జయకృష్ణ ఆమెకు తోడవుతాడు. గేములో వాళ్ళిద్దరి మాటలన్నీ లిడియా కాగితాల మీద ప్రింటు తీసి పెట్టేది. డేనియల్ ఎర్రపెన్నుతో కూర్చునేవాడు.

"'నేను నిన్ను మిస్ అవుతున్నాను' ఏంటండీ? ఆ రోజుల్లో సర్వేయర్ అలా మాట్లాడతాడా?"

"మరెలా మాట్లాడతాడు?"

డేనియల్ పెన్ను గడ్డానికి ఆనించుకుని ఆలోచించాడు. "'మీరు ఊళ్ళో లేకపోతే పొద్దుపోవడం లేదు' అంటాడు."

లిడియా రాసుకుని తలెత్తింది. "మీకెలా తెలుసు సార్?"

"ఏంటి?"

"పొద్దుపోకపోవడం."

దీప్తికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. డేనియల్ చెవులు అతని చేతిలోని పెన్నుకంటే ఎర్రబడ్డాయి.

వింతేమిటంటే వారాలు గడిచేకొద్దీ తగ్గాల్సిన తప్పులు పెరుగుతున్నాయి. ఒక శనివారమైతే ఒక్క పేజీలో పద్దెనిమిది, ఆఖరికి 'శనివారం' కూడా తప్పే. "మీరు బడికి వెళ్ళారా అసలు?" అని అతను విసుక్కుంటే, "వెళ్ళాను సార్, తెలుగు పీరియడ్‌లో మాత్రం కిటికీలోంచి చూసేదాన్ని," అనేది. అతను అయిదున్నర రైలుకి వెళ్ళాల్సినవాడు ఏడింటి రైలుకి వెళ్ళడం మొదలైంది. బాపట్లలో దిగాక అడ్డదారి ఉన్నా చుట్టుతిరిగి ఇంటికి నడిచేవాడు. ఆమె అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకోవడానికి ఆ మాత్రం దూరం కావాలి మరి.

అడగాలనుకున్నది ప్రతి శనివారం అడగాలనుకునేవాడు. ప్రతి శనివారం "సరేనండి, వచ్చేవారం" అని చెప్పులు వేసుకునేవాడు.

*

ఆగస్టు ఆఖర్న, వాన జోరుగా పడుతున్న మధ్యాహ్నం, ఆఖరి సీను కాగితాలు అతని చేతికొచ్చాయి.

నవల్లో జయకృష్ణ మనసులో మాట చెప్పకుండానే రైలెక్కి వెళ్ళిపోతాడు. సుగుణ రేపల్లె ప్లాట్‌ఫాం మీద అలాగే నిలబడిపోతుంది. డేనియల్ ఆ పేజీని ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. ఈ కాగితంలో మాత్రం సుగుణ నోరు తెరిచి మాట్లాడుతోంది.

'కాస్త కిందికి దిగండి. మీరు చెప్పలేని మాట నేను చెబుతాను. విన్నాక కూడా వెళ్ళాలనిపిస్తే అప్పుడు ఎక్కండి.'

"ఇదేంటి?"

"రెండో ముగింపు. పాతది కూడా ఉంది సార్. ఆడేవాళ్ళు ఎటు నడిపిస్తే అటు."

"సుగుణ ఇలా మాట్లాడదు."

"ఎందుకు మాట్లాడదు?" లిడియా గొంతులో వేళాకోళం లేదు. "పదిహేనేళ్ళప్పుడు చదివానీ నవల. రెండు రోజులు ఏడ్చాను. ఆ తర్వాత పదేళ్ళు కోపం. ఒక్క మాట అంటే సుగుణకేం పోయేది? ఆ మాట అనిపించడానికే నేను ఈ పని నేర్చుకున్నాను సార్."

అతను వినిపించుకునే స్థితిలో లేడు. ఎర్రపెన్నుతో ఆ మూడు వాక్యాలకీ ఒకటే గీత కొట్టాడు. "వీటిలో జీవం లేదు. రాయడం రానివాళ్ళే ఒకళ్ళు రాసింది మార్చడానికి వస్తారు."

అనేశాక గాని అన్నదేమిటో అతనికి తెలియలేదు. దీప్తి తల దించుకుంది. లిడియా ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"వాన తగ్గింది సార్. మీ రైలుకి టైమవుతోంది."

వాన తగ్గలేదు. డేనియల్ తడుస్తూనే స్టేషనుకు నడిచాడు.

*

మూడు శనివారాలు అతను తెనాలి వెళ్ళలేదు. సాహిత్యం పవిత్రత గురించి తనకు తానే ఉపన్యాసాలిచ్చుకున్నాడు. అవి మొదటి వారం బాగానే ఉన్నాయి. రెండో వారం టికెట్టు కొనుక్కుని బాపట్ల స్టేషన్లో అరగంట నిలబడ్డాడు. రైలు వచ్చింది, ఆగింది, వెళ్ళింది. అతను టికెట్టు జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

నాలుగో శనివారం పొద్దున్నే అమ్మమ్మ పిలిపించింది.

"సుగుణ మాటలకి ఎర్రగీత కొట్టావంట?"

"లిడియా చెప్పిందా?"

"దీప్తి చెప్పింది. ఆ అమ్మాయి నీ గురించి పల్లెత్తు మాట అనలేదు." టీచరుగారు బల్ల మీద ఒక నోటుపుస్తకం తెరిచి పెట్టారు. "ఇది చదువు."

గుండ్రటి అక్షరాలు. చిన్నప్పుడు తనకు గుణింతాలు నేర్పిన చేతిరాత. 'కాస్త కిందికి దిగండి. మీరు చెప్పలేని మాట నేను చెబుతాను...'

డేనియల్ కుర్చీలో కూలబడ్డాడు. "ఇవి... నువ్వు రాశావా?"

"మా మనవడు లెక్చరరు కదా, నా చెయ్యి గుర్తుపడతాడో లేదో చూద్దాం, చెప్పకమ్మా అని నేనే అన్నాను. జీవం లేదన్నావంట. బాగుంది నాయనా, పరీక్షలో నువ్వే తప్పావు."

ఆవిడ నవ్వారు గాని, కాసేపటికి ఆ నవ్వు నెమ్మదించింది.

"ఆ రోజుల్లో ఆడపిల్ల ముందుగా నోరు విప్పితే బాగోదన్నారు ఎడిటరు గారు. నాకూ ధైర్యం చాల్లేదురా. ఆ పిల్ల వచ్చి 'టీచరుగారూ, సుగుణకి ఒక్క అవకాశం ఇవ్వండి' అంటే ఇప్పుడు రాసిచ్చాను. నలభై ఏళ్ళలో నన్ను ఆ మాట అడిగింది తనొక్కతే."

డేనియల్ లేచాడు. "వెళ్ళి క్షమించమని అడుగుతాను."

"అంతేనా?"

"అంతేనా అంటే?"

"జయకృష్ణని నేను మీ తాతయ్యని చూసి రాశాను. ఆయనా నోరు విప్పడానికి రెండేళ్ళు తీసుకున్నారు. అచ్చం ఆయన పోలికే వచ్చింది నీకు. వెళ్ళు, పదిన్నర రైలుంది."

*

జకరయ్య గారు కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"నాలుగు వారాలైంది."

"అవునండి."

"అన్నం సరిగ్గా తినట్లేదు. పనెక్కువ అంటోంది." ఆయన దారం కొరికి తెంచారు. "పైన."

లిడియా ఒక్కతే ఉంది. కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పలేదు.

"తప్పు నాదండి," అన్నాడు డేనియల్ గుమ్మంలోనే. "ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"అవి మీ అమ్మమ్మగారి వాక్యాలని తెలిసి వచ్చారా సార్? నావే అయ్యుంటే వచ్చేవారు కాదా?"

ఆ ప్రశ్నకు అందమైన జవాబులు అతనికి నాలుగైదు తట్టాయి. అన్నీ అబద్ధాలే.

"ఇవాళ రైలెక్కింది అమ్మమ్మ చెప్పాకే. కానీ రెండో వారమే టికెట్టు కొన్నాను. బాపట్ల ప్లాట్‌ఫాం మీద అరగంట నిలబడి వెనక్కి వెళ్ళిపోయాను."

ఆమె ఇటు తిరిగింది. "ఎందుకు?"

"మీరు మొహాన తలుపేస్తారని."

"వేసేదాన్నే." మౌసు పక్కకు నెట్టి, "తర్వాత తీసేదాన్ని," అంది.

డేనియల్‌కి నాలుగు వారాల తర్వాత మొదటిసారి ఊపిరాడింది. ఇక ఆగితే మళ్ళీ చెప్పులు వేసుకుంటానని భయం వేసి, గబగబా అనేశాడు.

"లిడియా గారూ, తప్పులు దిద్దడానికే అయితే నెల్లాళ్ళు చాలు. నేను పదకొండు వారాలు వచ్చాను. మీకోసం వచ్చాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

బయట ఎవరిదో సైకిలు బెల్లు మోగింది. లిడియా చెంపలు కెంపులయ్యాయి. కానీ కళ్ళలో పాత అల్లరి నెమ్మదిగా తిరిగొచ్చింది.

"ఐదో వారం నుంచి ఆ తప్పులన్నీ కావాలనే పెట్టాను సార్."

"ఏంటీ?"

"'శనివారం' అని రాయడం కూడా రాదనుకున్నారా నాకు? తప్పుల్లేకపోతే మీరు అయిదున్నర రైలుకి వెళ్ళిపోయేవారు." ఆమె లేచి నిలబడింది. "నా జవాబు సరే. కింద నాన్న ఉన్నారు. అక్కడ మాత్రం పెద్దవాళ్ళతో రండి."

*

తర్వాతి శనివారం రిబ్కా టీచరుగారు కారు మాట్లాడుకుని తెనాలి వచ్చారు. షాపులో ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూర్చున్నారు. లిడియా తండ్రి వెనకగా నిలబడింది.

"వందనాలండి జకరయ్య గారూ. మీ అమ్మాయిని మా డేనీకి అడుగుదామని వచ్చాను. మీ అభిప్రాయం చెప్పండి."

జకరయ్య గారు మిషను ఆపారు. లేచి, డేనియల్‌ని కింది నుంచి పైదాకా, మళ్ళీ పైనుంచి కిందిదాకా చూశారు. ఆయన మెళ్ళోని టేపు తీసి దగ్గరికి వచ్చారు.

"చేతులు చాపు బాబూ."

అతను చాపాడు. టేపు భుజాల మీద పడింది.

"అమ్మాయ్, రాసుకో. భుజం పదిహేడున్నర."

"ఏం కుడుతున్నారు నాన్నా?" అంది లిడియా.

"సూటు. పెళ్ళికొడుక్కి ఒట్టి చొక్కా కుడతారా ఎవరైనా?"

టీచరుగారు కళ్ళు ఒత్తుకున్నారు. లిడియా పుస్తకం కోసం వెతుక్కుంటూ మూడు గుడ్డముక్కలు కింద పడేసింది. జకరయ్య గారు టేపును డేనియల్ ఛాతీ చుట్టూ తిప్పి, ఆగిపోయారు.

"ఊపిరి వదులు బాబూ. బిగబడితే కొలత తప్పొస్తుంది."

డేనియల్ వదిలాడు.