మూడో టాపిక్

గోడ మీద ఎవరో దబదబా బాదేసరికి హెన్నింగ్ ఫోస్ మాట గొంతులోనే ఆగిపోయింది. అప్పటికి అతను తన గదిలో పుస్తకాల బీరువా ముందు నిలబడి, "గౌరవనీయులైన డీన్ గారికీ, సభ్యులకూ..." అని మళ్ళీ మొదటికొచ్చాడు. బీరువా ఏమీ అనలేదు గానీ గోడ ఊరుకోలేదు.

తలుపు తీస్తే ఎదురుగా ఒకమ్మాయి, చేతిలో కాఫీ కప్పు, కళ్ళల్లో చిరాకు.

"డీన్ గారిని పొద్దుట్నుంచీ పిలుస్తున్నారు. ఆయన వస్తారా, రారా? ఏదో ఒకటి తేలితే నేను ఇంటికెళ్ళి పని చేసుకుంటాను."

"క్షమించండి. గోడ ఇంత పల్చగా ఉంటుందని తెలీదు."

"ఇది గోడా? అట్టముక్క. నిన్న మీరు తుమ్మినప్పుడల్లా నేను ‘ఆరోగ్యం జాగ్రత్త’ అంటూనే ఉన్నాను."

"అది మీరేనా? నేనింకా..." అతను తల గోక్కున్నాడు. "గోడ మాట్లాడుతోందనుకుని తుమ్ము ఆపుకున్నాను."

ఆమె నవ్వకూడదనుకుంది. కుదరలేదు.

ఆమె పేరు గెజీన హార్మ్స్. ఆ మార్చిలోనే మా చరిత్ర విభాగానికి వచ్చింది. వాళ్ళిద్దరి గదులకూ ఎదురుగా ఉన్నది నా గది. తలుపు బార్లా తీసి పెట్టుకుని పని చేయడం నా అలవాటు. అందుకే ఈ కథలో సగం నా కళ్ళముందే జరిగింది. మిగతా సగం వాళ్ళిద్దరినీ పీక్కుతిని చెప్పించుకున్నాను.

హెన్నింగ్‌కి భయం కొత్త కాదు. లిఫ్ట్ అంటే భయం, కుక్కలంటే భయం, మా ఆఫీసు సెక్రటరీ ఫోనెత్తితే భయం. కానీ ఆ వేసవి భయం వేరు. అన్నం సయించనివ్వని భయం అది.

మా జర్మనీలో డాక్టరేట్ వస్తే చదువు అయిపోయినట్టు కాదు. ప్రొఫెసర్ కుర్చీ వైపు కన్నెత్తి చూడాలంటే ఇంకో లావుపాటి పుస్తకం రాయాలి. ముగ్గురు పెద్దలు దాన్ని చదివి బాగుందనాలి. ఆ తర్వాత ఫ్యాకల్టీ అంతా కొలువుదీరిన హాల్లో, ఆ పుస్తకంతో సంబంధం లేని విషయం మీద లెక్చర్ ఇచ్చి, ప్రశ్నలకి తట్టుకుని నిలబడాలి. అప్పుడు తలుపులు వేసుకుని ఓటేస్తారు. గట్టెక్కితే డొట్సెంట్ అనే బిరుదు. ఆ బిరుదు నిలుపుకోవడానికి జీతం లేని పాఠాలు చెప్పాలి, అది తర్వాతి ఏడుపు.

హెన్నింగ్ పుస్తకం గట్టెక్కింది. లెక్చర్ మిగిలింది. ఇక్కడి ఉద్యోగం సెప్టెంబరుతో సరి. ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఉన్న ఒక యూనివర్సిటీ అక్టోబరు నుంచి తీసుకుంటానంది, బిరుదు వస్తేనే. రాకపోతే, నదుల మీద పాతకాలపు సుంకాల గురించి తప్ప లోకం తెలియని ఆ మనిషి నలభయ్యో ఏట రోడ్డున పడాలి.

లెక్చరుకి మూడు టాపిక్‌లు ఇవ్వాలి. కమిటీ అందులోంచి ఒకటి ఎంచి, రెండు వారాల ముందు చెబుతుంది. ఇక్కడే మా వాళ్ళందరికీ తెలిసిన బహిరంగ రహస్యం ఒకటుంది. కమిటీ ఎప్పుడూ మొదటిదే ఎంచుతుంది. అందుకని ఎవరైనా మొదటిదే చదువుతారు. రెండోది మర్యాదకి, మూడోది లెక్కకి.

హెన్నింగ్ మొదటి టాపిక్ మఠాల్లో గడియారాలు. దాన్నే బీరువాకి నెలరోజులుగా వినిపిస్తున్నాడు. రెండోది ఊళ్ళో గడియారాలు. మూడోది ఎంతకీ తట్టలేదు. గడువు రోజు సెక్రటరీ ఫోన్ చేసి, "పన్నెండింటికి తలుపు వేస్తున్నాను, డాక్టర్ ఫోస్" అనగానే కాగితం, కలం పట్టుకుని లేచాడు. నడవాలోకి పరిగెత్తాడు. గెజీన తలుపు మీద ఆమె సెమినార్ పోస్టర్ ఉంది: ‘పాత పట్టణాల్లో నిప్పు భయం’. చూశాడు, రాశాడు, ఇచ్చేశాడు. ఎలాగూ ఎవరూ అడగరుగా అనుకున్నాడు.

జూన్ మొదటివారంలో డీన్ ఉల్ఫర్ట్స్ స్వయంగా కిందికి దిగొచ్చారు.

"మూడోది ఎంచాం, డాక్టర్ ఫోస్."

"మూడోదా, సార్?" హెన్నింగ్ కుర్చీ కోసం చేత్తో వెతికాడు. "మొదటిది... మొదటిదానికేమైంది?"

"దానికేం కాలేదు. మీ పైగది నాది. హీటర్ గొట్టంలోంచి మీ గడియారాల లెక్చర్ నేను చాలాసార్లు విన్నాను. బాగుంది. రెండోది దానికి తమ్ముడు. కమిటీకి కూడా కొత్తది వినాలని ఉండదా?"

ఆయన వెళ్ళాక హెన్నింగ్ కూర్చున్న చోటునుంచి లేవలేదు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయింది. నేను నీళ్ళ గ్లాసు ఇస్తే సగం ఒళ్ళో ఒలకబోసుకున్నాడు.

గెజీన ఈ సంగతి నోటీసు బోర్డులో చూసింది. తలుపు తట్టకుండా వచ్చింది.

"నా తలుపు మీదున్నది మీ టాపిక్‌లోకి ఎలా నడిచొచ్చింది?"

"నేనే తెచ్చుకున్నాను."

"కనీసం అబద్ధమైనా చెప్పరేం?"

"భయమేస్తోంది. భయంలో అబద్ధాలు తట్టవు నాకు."

"ఆరేళ్ళుగా నేను చేస్తున్న పని అది, డాక్టర్ ఫోస్. రెండేళ్ళలో నేనూ ఆ హాల్లో నిలబడాలి. అడిగుంటే సరే అనేదాన్నేమో. అడగకపోవడమే నాకు కష్టంగా ఉంది."

అతను ఏదో అనేలోపే వెళ్ళిపోయింది. ఆ తర్వాత గోడ మూగబోయింది. కప్పు పెట్టిన చప్పుడు లేదు, కుర్చీ జరిపిన చప్పుడు లేదు. బయట వాన ఎడతెగకుండా కురుస్తోంది, మా ఊరి లాన్ నది గట్టుదాకా వచ్చింది. హెన్నింగ్ లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాల మధ్య కూర్చుని ఏది ముందు తెరవాలో తెలియక అన్నీ మూసి పెట్టుకున్నాడు. లెక్చర్ పోతుందనే భయం కంటే గోడ మాట్లాడటం లేదనే భయమే ఎక్కువైందని తర్వాత నాతో ఒప్పుకున్నాడు.

శుక్రవారం తలుపు తెరుచుకుంది. గెజీన తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. కోటు లోపల దాచుకొచ్చిన పుస్తకాలు మాత్రం పొడిగా ఉన్నాయి.

"ఇవి చదవండి. ఇది ముందు."

"మీకు కోపం పోయిందా?"

"పోలేదు. మీరు ఫెయిలయితే గోడవతల ఏడుపు వినాల్సింది నేనేగా. నాకు పని పాడవుతుంది." పుస్తకాలు బల్ల మీద పడేసింది. "ఇంకోటి. ఏది నా దగ్గర నేర్చుకున్నా హాల్లో నా పేరు చెప్పాలి. నీళ్ళు నములుతూ కాదు, గట్టిగా."

"గట్టిగానే చెబుతాను."

"ఇప్పుడే గుటక వేశారు."

రోజూ సాయంత్రం పాఠం. ఆమె అడిగేది, అతను తడబడేవాడు, ఆమె ఆటపట్టించేది. ఆదివారం అతన్ని పాత చర్చి గోపురం ఎక్కించింది. ఒకప్పుడు కాపలావాడు కాపురమున్న గది అక్కడ పైన ఉంది. హెన్నింగ్ మెట్టుమెట్టుకీ గోడ పట్టుకున్నాడు.

"కిందికి చూడకండి."

"చూడట్లేదు. కిందే నన్ను చూస్తోంది."

పైన చిన్న కిటికీలోంచి ఊరంతా కనిపిస్తోంది. తడిసిన పెంకుటికప్పులు, వాటి వెనక నది.

"కాపలావాడు గంటగంటకీ కొమ్ము ఊదేవాడు," అంది గెజీన. "ఎందుకో చెప్పండి చూద్దాం."

"నిప్పంటుకుందని."

"అంటుకోకపోయినా ఊదేవాడు. నేను నిద్రపోలేదు, మేలుకునే ఉన్నానని ఊరికి చెప్పడానికి. ఆ మోత వినిపిస్తే జనం హాయిగా అటు తిరిగి పడుకునేవాళ్ళు. వినిపించకపోతే లేచి కూర్చునేవాళ్ళు."

"మీ గోడ మూగబోయినప్పుడు నేనూ లేచి కూర్చున్నాను," అన్నాడు హెన్నింగ్.

ఆమె కిటికీ వైపు తిరిగింది. "అసలు మీకెందుకింత భయం? మీరు తెలివి తక్కువవారేం కాదుగా."

"ఫెయిలైతే ఉద్యోగం ఉండదు. పాసైతే అక్టోబర్లో ఊరు వదలాలి."

"మన బతుకులే అంత. తన దగ్గర పనిచేసినవాళ్ళని ఏ యూనివర్సిటీ ప్రొఫెసర్లుగా తీసుకోదు. అందరూ వదిలేవాళ్ళే."

"వదిలేది ఊరొక్కటే అయితే నాకేం భయం లేదు, గెజీన గారూ."

వాన మళ్ళీ మొదలైంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయని హెన్నింగ్ అంటాడు. మెట్లెక్కిన ఆయాసమని ఆమె అంటుంది.

"ఈ మెట్ల మీద మర్యాదలు కూడా మోయలేను," అంది. "నన్ను నువ్వు అనొచ్చు."

"నువ్వు," అని చూశాడు హెన్నింగ్.

"ఆఁ. అలాగే. ఇప్పుడు విను. నువ్వు పాసవ్వాలి. నా కోసం ఫెయిలయ్యేవాడు నాకొద్దు." అని ముందుగా తనే దిగిపోయింది. అతని భయం ఆమెకూ అంటుకుందని ఆ దిగడంలోనే తెలిసిపోయింది.

మర్నాటినుంచి గోడకి మళ్ళీ మాటొచ్చింది. అతని గదిలో చాలాసేపు చప్పుడు లేకపోతే గెజీన వేలితో టక్‌టక్ మని కొట్టేది. అతను తిరిగి టక్‌టక్ మనేవాడు. నా పని సగం ఆ టక్‌టక్‌లు వినడంతోనే సరిపోయేది.

లెక్చర్ రోజు వచ్చింది. మా ఆచారం ప్రకారం అభ్యర్థి పాసైతే అందరికీ వైనూ, ఉప్పు పలుకులు చల్లిన బ్రెట్‌సెల్ రొట్టెలూ పెట్టాలి. ఫలితం తెలియకముందే ఆర్డర్ ఇవ్వక తప్పదు. హాలు బయట బల్ల మీద ఆ బుట్ట చూసి హెన్నింగ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఫెయిలైతే ఇవన్నీ ఎవరు తింటారు?"

"నేను తింటాను. లోపలికి నడు."

గెజీనకి ఓటు లేదు, వినడానికి మాత్రం ఎవరైనా రావచ్చు. చివరి వరసలో కూర్చుంది. హెన్నింగ్ మొదలుపెట్టాడు. మాట సాగింది. చెక్క ఇళ్ళ గురించి చెప్పాడు, బావుల దగ్గర పెట్టే తోలు బకెట్ల గురించి చెప్పాడు. గోపురం దగ్గరికి వచ్చాడు. వచ్చి, ఆగిపోయాడు.

తర్వాతి మాట పోయింది. మొహం చూస్తే తెలుస్తోంది, తిరిగిరానంతగా పోయింది. ఎవరో దగ్గారు. డీన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. హెన్నింగ్ పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. ఒక మనిషి పన్నెండేళ్ళ కష్టం అలా నా కళ్ళముందే జారిపోతోంది.

చివరి వరసలోంచి, బల్ల మీద వేలితో, మెల్లగా: టక్‌టక్.

హెన్నింగ్ తలెత్తాడు. ఊపిరి తీసుకున్నాడు.

"కాపలావాడు నిప్పు లేకపోయినా కొమ్ము ఊదేవాడు," అన్నాడు. "ఊరికి నిప్పు భయం ఎన్నడూ పోలేదు. పక్కన ఒకరు మేలుకుని ఉన్నారని చెవికి తెలిస్తే చాలు, ఆ భయంతోనే నిద్రపట్టేది. ఈ మాట నాది కాదు. డాక్టర్ గెజీన హార్మ్స్ నేర్పింది." ఆ పేరు హాలు వెనక గోడదాకా వినపడింది.

ముగించేసరికి మా వాళ్ళు పిడికిళ్ళతో బల్లలు కొట్టారు. మాకు చప్పట్లంటే అదే. కానీ ఫెయిలైన వాళ్ళకీ మర్యాదకి అలాగే కొడతారు, అది హెన్నింగ్‌కి తెలుసు. ప్రశ్నలయ్యాక అతన్ని బయటికి పంపి తలుపు మూశారు.

నడవాలో వాళ్ళిద్దరూ బెంచీకి చెరో చివర కూర్చున్నారు. నేను బ్రెట్‌సెల్ బుట్టకి కాపలా కాస్తున్నట్టు నటించాను.

"బాగా చెప్పావు," అంది గెజీన. మొహం మాత్రం అతని వైపు తిప్పలేదు.

"నీకేమైంది?"

"భయమేస్తోంది. నువ్వు ఫెయిలవుతావేమోనని కాదు. పాసవుతావని."

"నేను చెప్పాల్సిన మాట అది."

"నువ్వు చెప్పవుగా. ఎవరో ఒకరు చెప్పాలి. నువ్వంటే నాకిష్టం, హెన్నింగ్. పాసవ్వమన్నది కూడా నేనే. ఇప్పుడేం చేయను?"

అతను నోరు తెరిచేలోపే తలుపు తెరుచుకుంది. డీన్ ఉల్ఫర్ట్స్ బయటికొచ్చి చెయ్యి చాచారు.

"అభినందనలు, డొట్సెంట్ గారూ. అందరూ ఒప్పుకున్నారు. ఇక నిబంధన ప్రకారం నేను చదివి వినిపించాల్సింది ఒకటుంది." ఆయన మొహంలో జాలి కనిపించింది. "ఈ బిరుదు నిలవాలంటే మీరు ఎక్కడ ఉద్యోగం చేస్తున్నా, సెమిస్టరు నడిచినన్నాళ్ళూ వారం వారం ఇక్కడికే వచ్చి రెండు గంటలు పాఠం చెప్పాలి. జీతం ఉండదు, రైలు ఖర్చూ మీదే. మానేస్తే బిరుదు పోతుంది."

తెలిసిన రూలే. మేమందరం తిట్టుకునే రూలే. ఇది వింటూ మొహం ముడుచుకోని కొత్త డొట్సెంట్‌ని నేనంతవరకూ చూడలేదు. హెన్నింగ్ మాత్రం చెవులు రిక్కించి విన్నాడు.

"ప్రతి వారమా, సార్?"

"ప్రతి వారం."

"తప్పించుకోవడానికి వీల్లేదా?"

"వీల్లేదు. పాపం, అందరూ అడిగేదే."

హెన్నింగ్ గెజీన వైపు తిరిగాడు. ఆమె అప్పటికే లేచి నిలబడింది.

"క్లాసు ఏ రోజు పెట్టుకుంటావు?" అంది.

"శుక్రవారం, చివరి గంట."

"అప్పుడైతే తిరుగు రైలు అందదు."

"అందకూడదనే," అన్నాడు హెన్నింగ్. "నాకూ నువ్వంటే ఇష్టం."

డీన్ గారు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నారు. బ్రెట్‌సెల్‌లు మొదట నేనే తిన్నాను.

అక్టోబరులో మొదటి శుక్రవారం జోరున వాన. పాఠానికి అరగంట ముందు కూడా హెన్నింగ్ జాడ లేదు. రైళ్ళు ఆలస్యమని ఎవరో అన్నారు. గెజీన గదిలో చప్పుడు లేదు. తలుపు సందులోంచి చూస్తే పుస్తకం తెరిచి ఉంది గానీ ఆమె చదవడం లేదు. ఒక్క వారానికే మనసు మారిందేమో అన్న భయం ఆమె మొహాన స్పష్టంగా కనబడుతోంది. నాకు కూడా భయమేసింది, ఎందుకు దాచాలి.

అతని పాత గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. అంతలో నీళ్ళోడుతున్న బూట్లతో హెన్నింగ్ నా గుమ్మం దాటుకుంటూ ఆ గదిలోకి దూరాడు. వెళ్తూ వెళ్తూ నాకు నోటి మీద వేలు చూపించాడు.

గోడ మీద టక్‌టక్ వినిపించింది.

అవతలి నుంచి కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత, టక్‌టక్.

నేను లేచి, ఆ నడవాలోకి వచ్చాక మొదటిసారి నా తలుపు వేసుకున్నాను.