గీత చూపించాకే కత్తెర

పొద్దున్నే దర్జీ కొట్టు తలుపు తీయగానే వచ్చే మొదటి బేరం లావుపాటి మనిషైతే మాస్టరమ్మకు ఎక్కడలేని హుషారు. ఆ రోజు వచ్చింది రొట్టెల దుకాణం ఆయన. కోటు కుట్టించుకోవడానికి వచ్చి, టేపు నడుముకు తగలగానే పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"ఊపిరి బిగబట్టకండి బాబూ! ఇక్కడ బిగబట్టి రేపు కోటు తొడుక్కున్నాక వదిలారంటే, గుండీ ఎగిరి ఎవరి కంట్లోనో పడుతుంది" అందావిడ.

"మీ ఆయన్ని కాస్త వదులుగా కత్తిరించమనండమ్మా."

"నన్ను కాదు, మీ రొట్టెల్ని బతిమాలుకోండి."

ఇంటి ముందుగదే వాళ్ళ కొట్టు. ఆవిడ కొలత తీసి పైకి చెబుతుంది, బల్ల దగ్గర మాస్టరు వింటాడు. రాసుకోడు. చదువు అంతంతమాత్రం, పైగా అవసరమూ పడలేదు. అంకెలన్నీ ఆవిడ గొంతుతోనే చెవిలో దాచుకుని, తర్వాత తీరిగ్గా గుడ్డ మీద సుద్దతో దించుతాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో "మళ్ళీ చెప్పు" అని అడిగిన పాపాన పోలేదు. ఆ సంగతి ఆయనకు గొప్ప కూడాను.

ఆ కొట్టుకు ఇంకో కట్టుబాటుంది. సుద్దతో గీశాక, వేసుకునే మనిషిని పిలిచి చూపించాలి. చంక ఇక్కడ, మెడ ఇక్కడ అని. ఆ మనిషి ఊ అంటేనే కత్తెర. ఎంత తొందరున్నా అంతే. "సుద్దయితే దులిపెయ్యొచ్చండీ, కోసేశాక నేనేం చెయ్యను" అంటాడు మాస్టరు.

"ఛాతీ నలభై నాలుగు" అంది మాస్టరమ్మ. "నడుము నలభై..."

ఆగింది. వేలు టేపు మీదే ఉంది. అంకె కళ్ళెదుటే ఉంది. నోటికి రాలేదు.

"నలభై... అదేమిటబ్బా... కిటికీ."

రొట్టెలాయన పకపకా నవ్వాడు. "కిటికీ అంత ఉందా అమ్మా నా నడుము!" ఆవిడా నవ్వేసింది. మాస్టరు మాత్రం సుద్దముక్క చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆవిడకు రెండేళ్ళ కిందట రొమ్ములో గడ్డ వచ్చింది. వైద్యం చేయించారు, తగ్గిందనుకున్నారు. ఈమధ్య తలనొప్పులు మొదలయ్యాయి, మాట తడబడుతోంది. స్కానింగ్ తీస్తే, ఆ పాత జబ్బే నెత్తుట్లో కొట్టుకొచ్చి మెదడులో ఓ మూల గూడు కట్టిందని తేలింది. "ముందు మాకు చెప్పండమ్మా" అని మాస్టరు బతిమాలితే, డాక్టరమ్మ తండ్రీకూతుళ్ళను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

దారులు రెండున్నాయి. ఆపరేషన్ చేస్తే గడ్డ తీసేస్తారు, తలలో ఒత్తిడి వెంటనే దిగుతుంది. కానీ అది మాట పుట్టే చోటును ఆనుకుని ఉంది. తీయడంలో మాట పోవచ్చు, పోకపోవచ్చు. రెండోది రేడియేషన్, అందరూ కరెంటు పెట్టించడం అంటారే, అది. కోత ఉండదు. గడ్డ మెల్లగా కుంగుతుంది. వాపు రావచ్చు, లొంగకపోనూవచ్చు. ఏ దారిన వెళ్ళినా కొంత కాలం కలిసొస్తుందేగాని, జబ్బు ఒంట్లోంచి తుడిచిపెట్టుకు పోదు.

"ఆవిడతో కూడా మాట్లాడాలి" అంది డాక్టరమ్మ.

"నేను చెప్పుకుంటానమ్మా" అన్నాడు మాస్టరు.

ఇంటికొచ్చి ఆయన చెప్పిందల్లా ఇంతే: "చిన్న గడ్డేనట. తీసేస్తే సరిపోతుందట." తెల్లారి ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆపరేషన్‌కే అని చెప్పేశాడు.

రొట్టెలాయన వెళ్ళాక మాస్టరమ్మ తడిబట్టలు ఆరెయ్యడానికి పెరట్లోకి వెళ్ళింది. గుమ్మంలోనే నిలబడి అంతా విన్న కూతురు లోపలికొచ్చింది. పోస్టాఫీసులో పని ఆ పిల్లది. ఆఫీసుకు వెళ్తూ రోజూ ఓసారి తొంగిచూసి పోతుంది.

"అమ్మకి చెప్పావా నాన్నా?"

"చెప్పాగా, గడ్డ అని."

"మాట సంగతి?"

"గట్టిగా అనకే."

"కరెంటే పెట్టిద్దాం నాన్నా. నాకు భయంగా ఉంది."

"నీ భయం కోసం లోపల పెట్టుకు కూర్చోమంటావా దాన్ని? కుట్టు తప్పయితే విప్పిపారెయ్యాలిగాని, పైన ఇస్త్రీ పెడితే పోతుందా?"

"అమ్మేమన్నా చొక్కానా!"

"నోర్ముయ్" అన్నాడుగాని, గొంతులో కోపం నిలబడలేదు. "మాట పోతే పోనీవే. మనిషి మిగిలితే చాలు నాకు. మూగదైనా సరే, కళ్ళెదుట కూర్చోబెట్టుకుని సాక్కుంటా."

"ఎవరి మాటండీ పోతే పోనీ అంటున్నారు?"

పెరటి తలుపు దగ్గర మాస్టరమ్మ. చేతిలో పిండని తువ్వాలు, కింద నేలంతా నీళ్ళు.

కూతురు ఏడుపు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. తండ్రి ఎలాగూ నోరు విప్పడని తెలిసి, ఆఖరికి తనే చెప్పింది. రెండు దారులూ, మాట సంగతీ, ఏదీ మిగల్చకుండా చెప్పింది. మాస్టరమ్మ మధ్యలో ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. తువ్వాలు కుర్చీ మీద ఆరేసింది. బల్ల దగ్గరికొచ్చి సుద్దముక్క తీసి మొగుడి చేతిలో పెట్టి, ఆయన ముందు తల వంచింది.

"గియ్యండి."

"ఏమిటే ఇది..."

"ఎక్కడ కోస్తారో గీసి చూపించండి. ఊరందరికీ చూపిస్తారుగా! ఆ రొట్టెలాయన కోటుకి కూడా గీత చూపించి, ఆయన ఊ అంటేనే కత్తెర పడతారు. నా తలకాయ ఆ గుడ్డపాటి చెయ్యదా?"

మాస్టరు చెయ్యి ఎత్తాడు. ఎందుకెత్తాడో ఆయనకే తెలీదు. వేళ్ళు ఆ నెరిసిన జుట్టు దాకా వెళ్ళి ఆగిపోయాయి. సుద్ద జారి కిందపడి విరిగింది. అక్కడే, గుడ్డముక్కల మధ్య కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"నువ్వు పోతే నేనేం చేసుకోనే..."

ఆవిడా పక్కనే చతికిలబడింది. "పోతానండీ. ఏ దారైనా పోయేదాన్నే. అది దాచుకుంటే దాగుతుందా?"

"మాట లేకపోయినా నువ్వలా కూర్చుంటే నాకు చాలే."

"మీకు చాలు" అందావిడ. "నాకో?"

ఆయన విరిగిన సుద్దముక్కలు ఏరసాగాడు.

"ఉన్నన్నాళ్ళూ వాగుతూ ఉంటానండీ. మీతో పోట్లాడకుండా, ఈ పిల్లని కసరకుండా, ఒట్టి కళ్ళేసుకుని కూర్చునే బతుకు నాకొద్దు. కరెంటే పెట్టించండి. లొంగకపోతే అప్పుడు చూద్దాం."

కూతురు వచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టింది. "ఆఫీసుకి ఆలస్యం కావట్లేదూ నీకు" అని తల్లి కసిరిందేగాని, తలమీంచి చెయ్యి తియ్యలేదు.

ఆసుపత్రిలో ఆవిడే అన్నీ అడిగింది. ఎంతసేపు, నొప్పుంటుందా, జుట్టు రాలుతుందా అని డాక్టరమ్మను ఊపిరి తిప్పుకోనివ్వలేదు. తల కదలకుండా మొహానికి అచ్చంగా సరిపోయే తొడుగొకటి చేశారు. దాని మీద, కిరణం పడాల్సిన చోట గుర్తు గీశారు. అది చూపించేదాకా ఆవిడ బల్లెక్కనంది. చూశాక "ఊ" అంది. గుమ్మం దగ్గర మాస్టరు తల పక్కకు తిప్పుకున్నాడు.

కరెంటు పెట్టడం అయిపోయింది. తలనొప్పి కొంత నెమ్మదించింది. మాట ఓ రోజు వాగులా సాగేది, ఓ రోజు తడబడేది. "ఇప్పటికైతే పెరగలేదు" అంది డాక్టరమ్మ. అంతకు మించి ఏమీ అనలేదు, వీళ్ళూ అడగలేదు.

ఓ మధ్యాహ్నం కొట్లో బేరాల్లేవు. మాస్టరు లేచి, టేపు తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు.

"నాకో చొక్కా కుట్టుకుంటా. కొలతలు తియ్యి."

"మీక్కూడా సోకులొచ్చాయే!" అని ఆవిడ మెల్లగా లేచింది. టేపు ఆయన వీపున పరిచింది. ఇన్నేళ్ళలో ఆయన కొలత ఆవిడ తియ్యడం అదే మొదలు.

"భుజం... పదహారున్నర."

మాస్టరు కళ్ళు మూసుకున్నాడు.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు."

ఆవిడ చెయ్యి ఆగింది. ఈ మనిషికి చెవుడు లేదని ఆవిడకన్నా ఎవరికి తెలుసు! మూసిన రెప్పల కిందనుంచి జారుతున్న నీళ్ళు చూసింది. టేపు తీసి, మళ్ళీ మొదటినుంచీ పరిచింది.

"భుజం పదహారున్నరండీ" అంది, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ. "చెవిలో పెట్టుకోండి."

"మళ్ళీ" అన్నాడు మాస్టరు.