టీచరు దిద్దని తప్పులు

"మీకు 'ది' అంటే ఎందుకండీ అంత ఇష్టం? కనిపించిన ప్రతి మాట ముందూ పెట్టేశారు!"

మొదటి రోజే టీచరు అక్షింతలు వేసింది. లిఫ్టు మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. అతని ఇంగ్లీషు నోటుబుక్కులో ది పేషెన్స్, ది హానెస్టీ, ది లవ్ వరసగా నిలబడి ఉన్నాయి. పేజీ మూలన గ్రీజు వేలిముద్ర ఒకటి.

"పెట్టకపోతే ఎక్కడో నట్టు వదిలేసినట్టు ఉంటుందండీ."

ఆమె నవ్వాపుకుంది. "ఓపిక, నిజాయితీ, ప్రేమ... ఇలాంటివి ఊరికే అన్నప్పుడు 'ది' అక్కర్లేదు. ఫలానా వాళ్ల ఓపిక అంటే మాత్రం కావాలి. ఏదీ, ఒకటి చెప్పండి."

"ది పేషెన్స్ ఆఫ్ మై టీచర్."

సోఫాలో నిద్ర నటిస్తున్న నాయనమ్మ కళ్లు తెరవకుండానే, "కుర్రాడికి బాగానే ఎక్కుతోందే" అంది. అమ్మానాన్నలు పోయాక టీచరుకి అన్నీ ఆవిడే.

రోజూ ఉదయం ఆరింటికి, అతను డ్యూటీకి వెళ్లేముందు పాఠం. కంపెనీ పెట్టే ఇంగ్లీషు పరీక్ష పాసైతే సూపర్‌వైజర్ ఉద్యోగం. అదీ రైల్లో ఒక పగలంతా కూర్చుంటే గానీ రాని ఊళ్లో. రెండు నెలలు తిరిగేసరికి ఆ ఊరి మాట వింటేనే ఆమెకి గుండె కలుక్కుమనేది. అతను వచ్చేదాకా గడియారం చూడటం, వచ్చాక అసలు చూడనట్టు ఉండటం అలవాటైపోయాయి. అది ప్రేమే. ఇంకో పేరు పెట్టి తప్పించుకునే దారి లేదు.

పరీక్షకి ముందురోజు వాన. సగం తడిసి వచ్చి, ఆఖరి వ్యాసం రాసిన నోటుబుక్కు చేతికిచ్చాడు. ఆమె ఎర్రపెన్ను తీసింది. మొదటి వరసలోనే అక్కర్లేని 'ది' ఉంది. పెన్ను ఆగింది, తర్వాత దాటిపోయింది. అలా పదకొండు తప్పులు చూసీ చూడనట్టు వదిలేసి, కింద 'గుడ్' అని రాసిచ్చింది.

అతను మురిసిపోతూ వెళ్లాడు. ఆమెకి ఆ రోజు ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే అతను పనిచేసే భవనానికి పరుగెత్తింది. లిఫ్టు ఆపి, స్క్రూడ్రైవరుతో ఏదో బిగిస్తున్నాడు.

"నోటుబుక్కు ఇవ్వండి" అంటూ మెట్ల మీద కూర్చుని, గబగబా పదకొండు సున్నాలు చుట్టింది. "ఇవన్నీ తప్పులే. నిన్న కావాలనే దిద్దలేదు."

"ఎందుకండీ?"

"పాసైతే మీరు వెళ్లిపోతారని. సిగ్గుమాలిన పని చేశాను. తిట్టండి."

అతని మొహం ఎర్రబడింది. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తిట్టడానికి టైము లేదు. పదింటికి పరీక్ష. ముందు నేర్పండి."

లిఫ్టు లేక విసుక్కుంటూ ఎక్కేవాళ్లు వాళ్లని తప్పుకుని వెళుతున్నారు. ఆమె కళ్లు తుడుచుకుంటూ ఒక్కొక్కటీ నేర్పింది. ఇంత బాగా ఎప్పుడూ ఎవరికీ నేర్పలేదు.

పదిరోజుల తర్వాత అతను వచ్చాడు. చేతిలో నోటుబుక్కు లేదు, ఏదో ఫారం ఉంది.

"పాసయ్యానండీ."

"సంతోషం" అంది ఆమె. "నా మీద కోపం పోయిందా?"

"కోపం వచ్చిన మాట నిజం. మెట్ల మీద మీరు ఏడుస్తూ కూడా నేర్పడం ఆపలేదు చూడండి, అక్కడ పోయింది." ఫారం ముందుకి జరిపాడు. "కంపెనీ వాళ్లు ఇల్లిస్తారట. ఎంతమంది ఉంటారో రాయమన్నారు. ఆ గడి మాత్రం నింపలేదు. మీరంటే నాకు ప్రాణమండీ. మీరు 'ఒకటి' అని రాసినా ఏమీ అనుకోను."

"ఎందుకనుకోరు?" అంది ఆమె రోషంగా.

"అబద్ధం. చాలా అనుకుంటాను."

ఆమె ఏడుస్తూనే నవ్వేసి, పెన్ను అందుకుని 'రెండు' వేయబోయింది.

"ఆగవే!" నాయనమ్మ సోఫాలోంచి లేచి కూర్చుంది. "మూడు వెయ్యి. మీ పెళ్లి చేసి, సామాను సర్దించి, నేనొక్కదాన్నీ ఇక్కడ గోడలతో మాట్లాడాలా?"

ఆమె అతని వంక చూసింది. అతను అప్పటికే తలూపుతున్నాడు.

టీచరు ఆ గడిలో 'మూడు' అని రాసింది.