అక్క పెట్టిన ఫోటో

"నీకు మొహం లేదు. అందుకే నిన్ను పిలిచాను," అన్నాడు చీఫ్.

ఇంకొకరైతే ఆ మాటకి నొచ్చుకునేవారు. ఏజెంట్ నీడ మాత్రం పొగడ్తగా తీసుకున్నాడు. ఉద్యోగంలో చేరినప్పట్నుంచి అతను ఒక్క ఫోటోకీ చిక్కలేదు. పెళ్లిళ్లలో కెమెరా ఇటు తిరగగానే చెప్పు తెగినవాడిలా వంగిపోయేవాడు. చుట్టాల ఆల్బముల్లో అతనున్నచోటల్లా ఒక వీపు మాత్రమే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ల లెక్కలో అతను వాటర్ ఫిల్టర్లు అమ్ముకునే మనిషి.

చీఫ్ తెర మీద ఒక భవనం చూపించాడు. "బయట ఫోటో స్టూడియో బోర్డు. లోపల విదేశీ ముఠా. నాయకుణ్ణి కల్నల్ అంటారు. వాళ్ల దగ్గరొక మెషిన్ ఉంది, పేరు అద్దం. జనం ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన ఫోటోలన్నీ మింగుతుంది. ఎవడి మొహం చూపించినా పేరు, ఇల్లు, పెళ్లాం పిల్లలతో సహా కక్కుతుంది. ఇప్పటికే మనవాళ్లు ఇద్దరు దొరికిపోయారు."

"ఫోటోలు దొంగిలిస్తున్నారా సార్?"

"దొంగతనం దేనికయ్యా? తలుపుకి తాళం వేసుకుని, కిటికీలోంచి మనమే అందిస్తుంటే!"

ప్లాన్ సింపుల్. వేషం ఏసీ మెకానిక్. స్క్రూడ్రైవర్ పిడిలో పెన్ డ్రైవ్. దాన్ని అద్దానికి గుచ్చితే వైరస్ ఎక్కి మెషిన్ బూడిదవుతుంది. లోపల సాయానికి ఒక డబుల్ ఏజెంట్, కోడ్ నేమ్ చిలక.

"మెకానిక్ పేరుతో నీకొక దొంగ ప్రొఫైల్ పెట్టించాం," అన్నాడు చీఫ్. "నీ మొహానికి అద్దంలో ఆ ఒక్క పేరే రావాలి. రెండో పేరు వచ్చిందో, కల్నల్ తుపాకీ తీస్తాడు."

మర్నాడు మధ్యాహ్నం నీడ నిచ్చెన భుజాన వేసుకుని స్టూడియో మెట్లెక్కాడు. తలుపు మీది కెమెరా అతని మొహం చూసింది. మెకానిక్ పేరు ఒక్కటే వచ్చింది. తలుపు తెరుచుకుంది.

ముందు సెంటు వాసన వచ్చింది. తర్వాత ఎర్రకోటు. ఆ వెనకాల చిలక.

"గది చల్లబడటం లేదు," అందామె.

"గాలి దారి తప్పింది మేడమ్," అన్నాడు నీడ. కోడ్ కలిసింది.

కల్నల్ మూలన కూర్చుని గోళ్లు రాసుకుంటున్నాడు. ఏసీ విప్పుతున్నట్టు నటిస్తూ నీడ పెన్ డ్రైవ్‌ని అద్దం వెనక దోపాడు. చిన్న ఎర్రలైటు వెలిగింది. అది పచ్చబడితే పని అయిపోయినట్టే.

అప్పుడు జేబులో ఫోన్ కదిలింది. అక్క మెసేజ్. 'తమ్ముడూ, నీ ఫోటో పెట్టా! అందరూ హీరోలా ఉన్నాడంటున్నారు.'

డిపార్ట్‌మెంట్ ఇచ్చిన బటన్ల ఫోన్లో ఫోటోలు కనపడవు. బయటి యూనిట్ చూడాలని చెప్పి నీడ కిటికీ దూకి, గోడ అంచున నిలబడి అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ ఫోటో తీసెయ్."

"ఎందుకురా? ఇన్నాళ్లకి మొహంతో దొరికావు! పాప పుట్టినరోజు నాడు సోఫాలో నోరు తెరుచుకుని పడుకున్నావు చూడు, పక్కనే నేను చేసిన కేకు. ఎంత ముద్దొచ్చావో!"

"పేరు రాశావా?"

"రాయకపోతే ఎవడో తాగి పడుకున్నాడనుకోరూ? మన వీధి పేరు కూడా వేశా."

"అందరికీ కనిపిస్తుందా?"

"చాటుగా పెట్టుకుంటే నా కేకులు ఎవడు కొంటాడు? కంగారుపడకు. నా కేకు ఫోటోలు ఒకడు కొట్టేసి తన కొట్టు పేరుతో పెట్టుకున్నాడే, అప్పట్నుంచి జాగ్రత్తగానే పెడుతున్నా."

"నీ జాగ్రత్త తగలెయ్య! తియ్యవే తల్లీ!"

"చేతులకి క్రీముంది. ఉండు, మీ బావకిస్తా."

బావ గొంతు హుషారుగా వచ్చింది. "ఏం బావమరిదీ, గురక కూడా పెట్టమంటావా?"

"నీ కాళ్లు పట్టుకుంటా బావా, తీసెయ్!"

"ఇదిగో, తీసేశా. అయినా దిగులుపడకు, ఒరిజినల్ నేను చుట్టాల గ్రూపులో వేశాలే. పిన్ని దాని మీద గుడ్ మార్నింగ్ రాసి వాకింగ్ గ్రూపుకి పంపిందట."

నీడ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వదిలిన బాణమైనా ఎక్కడో ఒకచోట గుచ్చుకుని ఆగుతుంది. ఫోటో ఆగదు.

కిటికీలోంచి చిలక తొంగిచూసింది. "లోపలికి రా. అద్దం ఇప్పుడే కొత్త ఫోటోలు మింగింది. కల్నల్ అందర్నీ మళ్లీ నిలబెడుతున్నాడు."

"అక్క పెట్టింది కూడా..."

"ఎవరక్క?"

నీడ కిటికీలోంచి లోపలికి దూకాడు. కోతకి నిలబడ్డ మేకలా అద్దం ముందు నిలబడ్డాడు. మెషిన్ వెనక లైటు ఇంకా ఎర్రగానే ఉంది. కల్నల్ తుపాకీ ఒళ్లో పెట్టుకున్నాడు.

తెర మీద మెకానిక్ పేరు వచ్చింది. ఆ కింద ఇంకో ఫోటో మెల్లగా దిగసాగింది. ముందు పుట్టినరోజు బుడగలు. తర్వాత సోఫా వీపు. ఒక చెవి. పోలిక ముప్పై శాతం... నలభై...

కల్నల్ తుపాకీ ఎత్తాడు.

ఫోటో పూర్తిగా దిగింది. సోఫాలో మనిషి ఉన్నాడు. కానీ నుదుటి నుంచి గడ్డం దాకా లావుపాటి గులాబీరంగు అక్షరాలు పరుచుకుని ఉన్నాయి: 'అక్కయ్య కేకులు. ఆర్డర్లకు ఫోన్ చేయండి.' కింద నంబరు. కేకు ఫోటోలు పోయిన రోజు నుంచి ఆవిడ ఏ ఫోటో పెట్టినా నట్టనడుమ ఆ ముద్ర గుద్దేస్తోంది. అద్దం కళ్ల కోసం వెతికింది, ముక్కు కోసం వెతికింది. పోలిక నలభై దగ్గరే చతికిలబడింది.

"ఏమిటిది?" అన్నాడు కల్నల్.

"కేకు ప్రకటన సార్," అంది చిలక తన ఫోన్‌తో తెరని ఫోటో తీసుకుంటూ. "మెషిన్‌కి ఆకలేసినట్టుంది."

కల్నల్ నవ్వాలా వద్దా అని ఆలోచిస్తుండగా లైటు పచ్చబడింది. అద్దం ఒకసారి దగ్గి నల్లబడిపోయింది. గది నిండా పొగ. తలుపు బద్దలుకొట్టుకుని మనవాళ్లు వచ్చిపడ్డారు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "కల్నల్ దొరికాడు. చిలక ఎగిరిపోయింది. ఆవిడ అసలు ఎవరి మనిషో ఇప్పుడు మాకూ తెలియడం లేదు. అన్నట్టు, నోరు మూసుకుని పడుకోవడం నేర్చుకో. మా అత్తగారికి గుడ్ మార్నింగ్ వచ్చింది."

నీడ అక్క ఇంటికి వెళ్లాడు. అక్క మొహం చాటంత చేసుకుని ఎదురొచ్చింది.

"ఒరేయ్ దొంగా, ఎవర్రా ఆ అమ్మాయి? ఒక్క మాటైనా చెప్పలేదే! ఫోటో మీది నంబరు చూసి ఫోన్ చేసింది. గొంతు తేనే అనుకో. పెద్ద కేకు కావాలట. సోఫాలో పడుకున్న అబ్బాయే స్వయంగా తెచ్చివ్వాలట!"

నీడ గోడ పట్టుకున్నాడు. "కేకు మీద ఏం రాయమందక్కా?"

"'మళ్లీ కలుద్దాం' అని."

నీడ అదే సోఫాలో కూలబడ్డాడు. ఈసారి మాత్రం నిద్ర రాలేదు.