పేజీ చివరి పిట్ట

ఆస్ట్రేలియాలో బంగారు గనుల ఊరు బల్లారట్. అక్కడి తపాలా కచేరీ కిటికీ దగ్గరకు డెస్మండ్ టియర్నీ మొదటిసారి వచ్చినప్పుడు అతని టోపీకి చిల్లు పడి ఉంది, చెవి పక్కన నెత్తురు కారుతోంది. మాగ్‌పై పిట్టలు గుడ్లు పెట్టే కాలం అది. దారిన పోయేవాడి నెత్తి పొడవకపోతే ఆ మాయదారి పిట్టలకు తిన్నది అరగదు.

కిటికీ లోపల కూర్చున్న విన్నిఫ్రెడ్ పాస్కో నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ వల్ల కాలేదు. అతను మూతి ముడుచుకుని, సివిల్ సర్వీసు గుమాస్తా పరీక్షకు పెట్టిన దరఖాస్తు లోపలికి తోశాడు. ఆమె దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"ఇది మీరు రాశారా, ఆ పిట్ట రాసిందా?"

"తీసుకోవడం వరకే మీ పని. మార్కులు వెయ్యక్కర్లేదు."

"చేతిరాతకు మార్కులున్నాయండీ. ఇలా రాస్తే సున్నా చుడతారు. తర్వాత నన్ను తిట్టుకోకండి."

చరచరా వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చి, కాస్త నేర్పుతారా అని గొణిగాడు.

అలా మొదలైంది. సాయంత్రాలు విన్నీవాళ్ళ వంటింట్లో టీ, రొట్టె, డిక్టేషన్. వెనకటి రోజుల్లో గుమాస్తా ఉద్యోగం కావాలంటే శాసనసభలో ఎవరో ఒకరు తెలిసి ఉండాలి. గనిలో దుమ్ము పీల్చి పీల్చి మంచాన పడ్డ డెస్మండ్ తండ్రికి ఎవరు తెలుసు? ఇప్పుడు అలా కాదు. పేపరు మీద పేరుండదు, నంబరే ఉంటుంది. ఎవరికి మార్కులు ఎక్కువొస్తే వాళ్ళదే ఉద్యోగం. కొడుకు గనిలో దిగకుండా బతికే దారి దొరికిందని ఆ ముసలాయన దగ్గుతూనే సంబరపడ్డాడు. కానీ వయసు హద్దు ఉంది. డెస్మండ్‌కు ఇదే చివరి అవకాశం.

విన్నీకీ అంతే. మగ గుమాస్తా చేసే పనే ఆమె చేసేది, జీతం మాత్రం సగం. ఆ సగంతోనే ఆమె, తల్లి బతకాలి. ఆడవాళ్ళు పెళ్ళయిన రోజున ఉద్యోగం వదిలెయ్యాలని నిబంధన. డెస్మండ్ గుమాస్తా అయితే ఆ జీతంతో, అతని తండ్రితో కలిపి నలుగురూ హాయిగా ఉండొచ్చు. కాకపోతే ఇక పెళ్ళి మాటే లేదు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు.

ఒకరోజు డిక్టేషన్ అయ్యాక పేజీ చివర ఆమెను ఉడికించడానికి చిన్న మాగ్‌పైను గీశాడు. ఆమెకు ఎంత నచ్చిందంటే, పిట్ట లేనిదే పేజీ దిద్దనని మొండికేసింది. అప్పట్నుంచి ఆఖరి వాక్యం కాగానే అతని చెయ్యి దానంతటదే పిట్టను గీసేది. రాత కూడా ముత్యాల్లా కుదిరింది.

మెల్‌బోర్న్‌లో పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం సరస్సు ఒడ్డున ఒకటే వాన. ఒక్క గొడుగు కింద అతన్ని కూర్చోబెట్టి విన్నీ లెక్కలన్నీ ఒక్కొక్కటే అప్పజెప్పించుకుంది. ఒక్కటీ తప్పలేదు.

"మొదటి జీతం రాగానే మీ అమ్మను అడుగుతాను," అన్నాడు.

"అమ్మనెందుకు? పెళ్ళి ఆవిడకా?"

వాన తగ్గినా ఆ గొడుగు మూయలేదు ఇద్దరూ.

ఫలితాలొచ్చాయి. అతని నంబరు లేదు. డెస్మండ్ మెల్‌బోర్న్ వెళ్ళి కనుక్కుని వచ్చాడు గానీ, తపాలా కచేరీ వైపు రాలేదు. చివరకు ఆమే వాళ్ళింటికి వెళ్ళి నిలదీసింది. లెక్కలు పోయాయన్నాడు, నేల చూస్తూ.

"ఏ లెక్క? అన్నీ నాకు చెప్పావుగా."

అతను చేతిలోని టోపీ చిల్లులో వేలు పెట్టి తిప్పాడు.

"డెస్, నా మొహం చూసి చెప్పు."

"చివర పిట్టను గీశాను, విన్నీ."

మెల్‌బోర్న్‌లో విన్నదంతా చెప్పాడు. ఇదివరలో కొందరు పేపరు మీద గుర్తులు పెట్టి, ఇది ఫలానావాడిదని దిద్దేవాళ్ళకు తెలియజేసేవారట. అందుకే ఏ గుర్తు కనిపించినా పేపరు కొట్టేస్తారు. అందరికంటే ఎక్కువ మార్కులు అతనికే వచ్చాయట. దాంతో పై అధికారికి అనుమానం ఇంకా గట్టిపడిందట. మార్కులు ఎన్ని వచ్చినా నిబంధన నిబంధనే అన్నారు.

"నేనే గియ్యమన్నాను," అంది విన్నీ.

"ఆఖరి వాక్యం అయ్యేసరికి నువ్వు ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది. పరీక్ష సంగతే మరిచిపోయాను."

"నన్ను మరిచిపోవాల్సింది."

"నా వల్ల కాదు," అన్నాడు డెస్మండ్. అతను ప్రేమ గురించి నోరు విప్పి అన్నది ఆ ఒక్క మాటే.

ఆ వారమే పడమటి బంగారు గనులకు బయల్దేరాడు. మంచం మీది తండ్రి కొడుకు వెళ్ళేది చూడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. రైలు దగ్గర విన్నీ ఎదురుచూస్తానంటే, వద్దన్నాడు డెస్మండ్. గనిలోంచి మనిషి ఎలా తిరిగొస్తాడో మా నాన్నను చూశావుగా అన్నాడు.

మళ్ళీ పిట్టలు పొడిచే కాలం వచ్చింది. ఎవరో కుర్రాడు గుమాస్తా పరీక్షకు దరఖాస్తు ఇచ్చి వెళ్ళబోతుంటే విన్నీ పిలిచింది.

"పేపరు మీద బొమ్మలేమీ గీయకండి."

కుర్రాడు నవ్వాడు. "పరీక్షలో ఎవరైనా బొమ్మలు గీస్తారా మేడమ్?"

"గీస్తారు," అంది విన్నీ. దరఖాస్తు మీద ముద్ర కొట్టి, తర్వాతి మనిషిని రమ్మంది.